శబ్దానికి శబ్దం తోడైతే నిశ్శబ్దం! – ధ్వని తరంగాల వ్యతికరణం

వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాసి పంపమని పెద్దలు కోరారు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇప్పుడు భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేశాము. గొప్ప పరిశోధనల గురించి రాయడం కంటే, మీరు రేపో ఎల్లుండో చదవబోయే ఒక చిన్న పాఠాన్ని చెవులతో వినేలా చేయడం మేలనిపించింది. ఆ పాఠం పేరు వ్యతికరణం.

పుస్తకంలో ఇది నాలుగు వాక్యాలుంటుంది. రెండు తరంగాలు ఒకే చోట సమ దశలో కలిస్తే సంపోషక వ్యతికరణం, వ్యతిరేక దశలో కలిస్తే వినాశక వ్యతికరణం. మొదటి దానిలో ధ్వని పెరుగును, రెండవ దానిలో ధ్వని నశించును. తెలుగు మీడియంలో ఈ నాలుగు వాక్యాలు గడగడా అప్పజెప్పని వాడు లేడు. పరీక్షలో మార్కులు పడతాయి. కానీ పెద్ద చదువుకు వెళ్లాక వైవాలో ఎదురుగా కూర్చున్నవారు ఒక్క ప్రశ్న వేస్తారు: "నశించిన శబ్దం ఎక్కడికి పోయిందయ్యా?" అక్కడ గడగడ ఆగిపోతుంది. మీడియం తెలుగైనా ఇంగ్లీషైనా ఆ ప్రశ్న దగ్గర అందరూ ఒకటే. జవాబు తెలిసినవాడు ఏ భాషలోనైనా చెప్పగలడు. కనుక మిగతా పాఠం కంటే ఈ ప్రశ్న మీదే ఎక్కువసేపు నిలబడదాం.

ముందు నీటి దగ్గరకు వెళదాం. మనకు కంభం చెరువు ఉండనే ఉంది. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల మధ్య విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట అది. గాలి లేని ఉదయం ఆ కట్ట కింద నిశ్చలంగా ఉన్న నీటిలో రెండు చిన్న రాళ్లను ఒకేసారి, రెండు బారల ఎడంగా వేయండి. రెండు చోట్ల నుండి వలయాలు బయలుదేరతాయి. అవి ఒకదానినొకటి ఢీకొని ఆగిపోవు. ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోయి, ఏమీ జరగనట్టు ముందుకు సాగుతాయి. కానీ దాటుకునే ఆ క్షణంలో రెండు శిఖరాలు కలిసిన చోట నీరు రెట్టింపు ఎత్తుకు లేస్తుంది. ఒకదాని శిఖరం, ఇంకొకదాని గుంట కలిసిన చోట నీరు కదలక నిలుస్తుంది. దీనినే అధ్యారోపణ సూత్రం అంటారు. రెండు తరంగాలు కలిసిన చోట ఫలితం వాటి మొత్తమే. ఒకటి ధనాత్మకం, ఒకటి ఋణాత్మకం అయితే మొత్తం సున్నా కావచ్చు. ఇందులో ఇంతకు మించిన గణితం లేదు.

గాలిలో ధ్వని కూడా ఇంతే. కాకపోతే నీటిలోలాగా ఎత్తుపల్లాలు కంటికి కనపడవు. గాలి ఒత్తుకున్న చోటు సంపీడనం, పలచబడిన చోటు విరళీకరణం. సంపీడనం మీద సంపీడనం వచ్చి పడితే శబ్దం పెద్దది. సంపీడనం మీద విరళీకరణం వచ్చి పడితే అక్కడి గాలి పీడనం మామూలుగా ఉండిపోతుంది. చెవిలో కర్ణభేరి కదలదు. కర్ణభేరి కదలకపోతే మనకు ఏమీ వినపడదు.

దీన్ని నమ్మడానికి ఖర్చు లేని ప్రయోగం ఒకటుంది. బడిలో ప్రయోగశాల బీరువాలో శృతిదండం ఉంటుంది, సారును అడిగి తీసుకోండి. రబ్బరు దిమ్మె మీద కొట్టి, కాడను వేళ్ల మధ్య నిలువుగా పట్టుకుని, చెవి దగ్గర మెల్లగా బొంగరంలా తిప్పండి. ఒక పూర్తి చుట్టు తిరిగేలోగా శబ్దం నాలుగుసార్లు పెరుగుతుంది, నాలుగుసార్లు తగ్గి దాదాపు మాయమవుతుంది. కారణం ఇది. రెండు భుజాలు ఒకేసారి బయటికి విచ్చుకుంటాయి, ఒకేసారి లోపలికి ముడుచుకుంటాయి. విచ్చుకున్నప్పుడు బయటి వైపు గాలి ఒత్తుకుంటుంది, అదే సమయంలో రెండు భుజాల నడుమ గాలి పలచబడుతుంది. అంటే ఒకే దండం నుండి రెండు వ్యతిరేక దశల తరంగాలు బయలుదేరుతున్నాయి. ఐమూలగా ఉన్న నాలుగు దిక్కుల్లో ఈ రెండూ సమానమై కొట్టివేసుకుంటాయి.

ఇది చెవి భ్రమ అని పక్కవాడు వాదిస్తే ఇంకొక పని చేయండి. శబ్దం వినపడని ఆ దిక్కులోనే దండాన్ని కదలకుండా ఉంచి, కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక భుజానికి తగలకుండా తొడగండి. ఒక భుజం శబ్దాన్ని అడ్డుకున్నాం కదా, ఇంకా తగ్గాలి. తగ్గదు, పెరుగుతుంది! కొట్టివేసే రెండవ తరంగం అడ్డుపడిపోయింది కనుక మిగిలినది వినిపిస్తుంది. మాకు తెలిసినంతలో వ్యతికరణానికి ఇంతకంటే చవకైన, ఇంతకంటే గట్టి సాక్ష్యం మరొకటి లేదు.

వ్యతికరణం అనగానే మన పుస్తకాలు కాంతిని, యంగ్ జంట చీలికల ప్రయోగాన్ని చెబుతాయి. కానీ థామస్ యంగ్ అక్కడికి ధ్వని దారిలోనే వచ్చాడు. ఇంగ్లండులో వైద్యం చదువుకున్న ఆయన 1800 సంవత్సరంలో ధ్వని, కాంతి గురించి రాసిన పత్రంలో రెండు స్వరాలు కలిసినప్పుడు ఏం జరుగుతుందో చర్చించాడు. ఆ తర్వాతే కాంతి కూడా అలాగే ఎందుకు ప్రవర్తించకూడదు అని అడిగి, వెలుగుకు వెలుగు తోడైతే చీకటి రాగలదని చూపించాడు. అంటే చెవి చెప్పిన పాఠాన్ని కన్ను నేర్చుకుంది.

ఇక అసలు ప్రయోగానికి వద్దాం. వార్షికోత్సవానికి ఎలాగూ మైకు సెట్టు వస్తుంది. కార్యక్రమం మొదలయ్యే ముందు ఒక అరగంట మైకు సెట్టు అన్నను బతిమాలండి. ఒకే ఆంప్లిఫయర్‌కు తగిలించిన రెండు ఒకేరకం బాక్సులను మైదానంలో, గోడలకు దూరంగా, 2 మీటర్ల ఎడంలో, చెవి ఎత్తున బల్లల మీద పెట్టించండి. ఎవరిదైనా సెల్‌ఫోన్‌లో ఒకే స్వరాన్ని ఆపకుండా పలికించే ఉచిత అప్లికేషన్ వేసి, పౌనఃపున్యం 700 హెర్ట్జ్ దగ్గర పెట్టి ఆంప్లిఫయర్‌కు కలపండి. శబ్దం మరీ పెద్దగా వద్దు.

ముందు లెక్క చూద్దాం. ధ్వని వేగం 0 డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు, ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. సాయంత్రం 30 డిగ్రీలు ఉందనుకుంటే 349 మీటర్లు. దానిని 700 తో భాగిస్తే తరంగదైర్ఘ్యం దాదాపు అర మీటరు. ఇప్పుడు బాక్సులకు 8 మీటర్ల దూరంలో, వాటికి సమాంతరంగా నేల మీద సుద్దతో గీత గీయండి. సరిగ్గా మధ్యన నిలబడితే రెండు బాక్సులూ సమాన దూరం. పథ భేదం సున్నా, శబ్దం గట్టిగా ఉంటుంది. అక్కడి నుండి ఒక మీటరు పక్కకు జరగండి. ఇప్పుడు మీరు ఒక బాక్సుకు సూటిగా ఎదురుగా ఉన్నారు. దాని దూరం 8 మీటర్లు. రెండవ బాక్సు దూరానికి పైథాగరస్‌ను పిలవండి: 8 వర్గం 64, 2 వర్గం 4, మొత్తం 68, దాని వర్గమూలం 8.25. తేడా పావు మీటరు, అంటే సరిగ్గా అర తరంగదైర్ఘ్యం. ఒకటి సంపీడనం తెచ్చిన వేళకు రెండవది విరళీకరణం తెస్తుంది. బాక్సుకు ఎదురుగా నిలబడినవాడికి శబ్దం తక్కువ, పక్కకు జరిగి రెండు బాక్సుల నడుమకు వచ్చినవాడికి ఎక్కువ! ఇంకొక మీటరు అవతలికి జరిగితే మళ్లీ ఎక్కువ. పదో తరగతి పైథాగరస్ సిద్ధాంతం నేల మీద ఇలా వినపడుతుందని ఎవరు అనుకుంటారు?

ఒక చెవి మూసుకుని మెల్లగా నడవండి. రెండు చెవుల మధ్య ఎడం ఉంది కనుక ఒకటి నిశ్శబ్దంలో ఉంటే ఒకటి శబ్దంలో ఉండవచ్చు. శబ్దం పూర్తిగా సున్నా కాదు. దగ్గరి బాక్సు కాస్త గట్టిగా వినిపిస్తుంది, నేల నుండి, బిల్డింగు గోడల నుండి ప్రతిధ్వనులు వచ్చి కలుస్తాయి. అయినా తేడా పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. తర్వాత ఒక బాక్సుకు వచ్చే రెండు వైర్లను మైకు సెట్టు అన్న చేత తిరగేయించండి. మధ్య స్థానం నిశ్శబ్దమవుతుంది, నిశ్శబ్దంగా ఉన్న చోట మోత వస్తుంది. మైకు సెట్టు పనివాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే. పాటలో బేస్ ఊడిపోయిందంటే వాళ్లు ముందు చూసేది వైరు ప్లస్సు మైనస్సు మారిందేమోనని. వారికి వ్యతికరణం అన్న మాట తెలియకపోవచ్చు, విషయం మాత్రం చేతికి తెలుసు.

ఇప్పుడు వైవా ప్రశ్న. బాక్సు ఎదుట నిలబడినవాడికి రావలసిన శబ్దం ఎక్కడికి పోయింది?

ఒక్క బాక్సే మోగితే మనం నిలబడిన చోట కంపన పరిమితి 1, తీవ్రత 1 అనుకుందాం. తీవ్రత అంటే చెవిని చేరే శక్తి, అది కంపన పరిమితి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. రెండు బాక్సులు కలిసి మోగినప్పుడు సంపోషక స్థానంలో కంపన పరిమితి 2, కాబట్టి తీవ్రత 4. ఇక్కడ ఆగి ఆలోచించండి. రెండు బాక్సులు, శక్తి నాలుగు రెట్లు! అదనంగా వచ్చిన రెండు ఎవడబ్బ సొమ్ము? నిశ్శబ్ద స్థానంలో కంపన పరిమితి సున్నా, తీవ్రత సున్నా. గీత పొడవునా సగటు తీస్తే నాలుగు, సున్నాల సగటు 2. రెండు బాక్సులు పంపింది ఒకటి, ఒకటి మొత్తం 2. లెక్క సరిపోయింది. మీ చెవికి రాని శక్తి ఒక మీటరు అవతల నిలబడినవాడి చెవికి చేరింది. ఏదీ నశించలేదు, పంపకం మారింది. శక్తి నిత్యత్వ నియమం చెక్కుచెదరలేదు. అందుకే 'వినాశక' అనే మాట మాకు అంతగా నచ్చదు. పుస్తకం మార్చే అధికారం మనకు లేదు కనుక పరీక్షలో అదే రాయండి, మనసులో మాత్రం 'తరలింపు' అని చదువుకోండి.

తెలివైన తమ్ముడు ఇంకొక మెలిక పెట్టవచ్చు. రెండు చిన్న స్పీకర్లను ముఖాముఖి ఆనించి, ఒకదాని వైర్లు తిరగేసి మోగిస్తే చుట్టూ ఎక్కడా శబ్దం సరిగా రాదు. ముఖ్యంగా బేస్ అయితే అన్ని వైపులా తగ్గిపోతుంది. మరి ఇక్కడ తరలిపోవడానికి అవతలి చోటే లేదు కదా? మంచి ప్రశ్న. ఇక్కడ ఒక స్పీకరు నెట్టిన గాలిని రెండవది లాగేసుకుంటుంది. గాలి ఆ రెండింటి నడుమ ఇటూ అటూ ఊగుతుందే తప్ప తరంగమై బయలుదేరదు. అంటే శబ్దం పుట్టి చావలేదు, అసలు సరిగా పుట్టలేదు. ఆంప్లిఫయర్ ఇచ్చిన విద్యుత్తు స్పీకరు తీగచుట్టలో వేడిగా పోతుంది. రెండు జనకాల మధ్య ఎడం తరంగదైర్ఘ్యంతో పోల్చితే బాగా తక్కువైతేనే ఇలా జరుగుతుంది. ఎడం ఎక్కువైతే ముందు చెప్పినట్టు పంపకమే. ఈ రెండు సందర్భాలను విడదీసి చెప్పగలిగినవాడిని ఏ వైవాలోనూ ఎవరూ ఆపలేరు.

ఊళ్లో ఎదురయ్యే సందేహం ఒకటుంది. జాతర రోజున ఒక వీధిలో ఒక మైకు, పక్క వీధిలో ఇంకొక మైకు మోగుతాయి. పరీక్షలకు చదువుకునేవాడు మధ్యలో కూర్చుంటే రెండూ కొట్టివేసుకుని ప్రశాంతత రావాలి కదా? రాదని మనందరికీ అనుభవమే. ఎందుకు రాదంటే, ఆ రెండు పాటలకూ దశా సంబంధం ఏమీ లేదు. ఒక క్షణం కలుస్తాయి, మరు క్షణం విరోధిస్తాయి. సెకనులో వందల సార్లు అటూ ఇటూ మారిపోతుంటే చెవికి అందేది సగటు మాత్రమే. రెండూ సమానమైతే తీవ్రత రెట్టింపు, అంటే 3 డెసిబెల్స్ పెరుగుదల. వ్యతికరణం నిలకడగా కనపడాలంటే రెండూ సంబద్ధ జనకాలు కావాలి, ఒకే మూలం నుండి రావాలి. అందుకే ఒకే ఆంప్లిఫయర్ అన్నాము, పాట కాకుండా ఒకే స్వరం అన్నాము. పాటలో వందల పౌనఃపున్యాలుంటాయి, ఒక్కోదానికి నిశ్శబ్ద స్థానం ఒక్కోచోట పడుతుంది. కాబట్టి జాతర మైకుకు విరుగుడు ఇంకొక మైకు కాదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్ స్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. విరుగుడు అక్కడుంది.

రెండు స్వరాల పౌనఃపున్యాలు కొద్ది తేడాగా ఉంటే ఒక చిత్రం జరుగుతుంది. 440 హెర్ట్జ్ ఒక ఫోనులో, 442 ఇంకొక ఫోనులో పలికించండి. సెకనుకు రెండుసార్లు శబ్దం ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తుంది. వీటిని విస్పందనాలు అంటారు. ఇక్కడ మనం నడవనక్కరలేదు, కూర్చున్నచోటే సంపోషకం, వినాశకం వంతులవారీగా వచ్చి పోతాయి. తంబుర శ్రుతి చేసేవారు చెవి ఒగ్గి వినేది ఈ ఊగిసలాటనే. తీగ బిగించేకొద్దీ అది నెమ్మదించి, ఆగిపోయిన చోట రెండు తీగలు కలిసినట్టు. భౌతికశాస్త్రం చదవకుండానే మన బుర్రకథ కళాకారులు దీన్ని వాడుకున్నారు.

మన దేశంలో ఈ విద్యను లోతుగా చదివినవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు. ఆయన చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది, తండ్రిగారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1930లో నోబెల్ వచ్చింది కాంతి మీద పనికి. కానీ అంతకు ముందు చాలా ఏళ్లు ఆయన పని చేసింది ధ్వని మీద. మృదంగం, తబలా ఇతర చర్మవాద్యాలలాగా కాకుండా తీగలాంటి స్పష్టమైన స్వరం ఎందుకిస్తాయో 1920లో 'నేచర్' పత్రికలో వివరించారు. వాద్యం మధ్యనున్న నల్లని మచ్చ బరువు వల్ల పొర కంపనాలు ఒక క్రమంలో సర్దుకుంటాయని ఆయన చూపారు. కంపించే చర్మం మీద కొన్ని గీతల వెంట తరంగాలు కొట్టివేసుకుని పొర నిశ్చలంగా ఉంటుంది, అవి అస్పందన స్థానాలు. సన్నని ఇసుక చల్లితే ఆ గీతల మీదికి చేరుతుంది. మన డప్పుకు ఆ నల్లని మచ్చ లేదు, కనుక దాని గొంతు వేరు.

చివరిగా చెవుల మాట. శబ్దంతో శబ్దాన్ని చంపాలనే ఆలోచన పాతదే. జర్మనీకి చెందిన పాల్ లూయెగ్‌కు 1936లో అమెరికాలో దీనిపై పేటెంటు వచ్చింది. తండ్రి వైపు బెంగాలీ మూలాలున్న అమర్ బోస్ 1978లో విమానంలో ప్రయాణిస్తూ ఇంజను రొద తట్టుకోలేక హెడ్‌ఫోన్‌లో ఈ పద్ధతి పెట్టాలని తలచాడు. 1989లో పైలట్ల కోసం అది మార్కెట్లోకి వచ్చింది. చిన్న మైకు బయటి రొదను విని, లోపలి స్పీకరు దానికి వ్యతిరేక దశ తరంగాన్ని ఇస్తుంది. ఇది ఎందుకు కుదిరిందంటే, 100 హెర్ట్జ్ రొద తరంగదైర్ఘ్యం మూడున్నర మీటర్లు. చెవి మీది గిన్నె కొన్ని సెంటీమీటర్లు. ఆ కొద్ది చోటంతా ఒకే దశలో ఉంటుంది కనుక కొట్టివేయడం సులువు. కానీ 3,500 హెర్ట్జ్ కీచు శబ్దం తరంగదైర్ఘ్యం 10 సెంటీమీటర్లే. ఐదు సెంటీమీటర్లు జరిగితే దశ తిరగబడుతుంది. అక్కడ ఈ యుక్తి పారదు.

ఇది మనకెందుకంటే, మార్కాపురం పలకల గనుల్లో, రాయి కోసే షెడ్లలో పని చేసే అమ్మానాన్నల పిల్లలు మన హాస్టల్లో ఉన్నారు. బ్లేడు రాయిని కోసే శబ్దంలో కీచు భాగం చాలా ఎక్కువ. షెడ్డులో ఇంకొక స్పీకరు పెట్టి ఆ రొదను ఆపేద్దామంటే ఒక చోట తగ్గి ఇంకొక చోట పెరుగుతుంది, పంపకమే కదా. రొదను తగ్గించే ఖరీదైన హెడ్‌ఫోన్ కూడా ఆ కీచుకు పెద్దగా ఉపయోగపడదు. ఉపయోగపడేది మెత్తని నురుగుతో చేసిన చెవి బిరడాలు, లేదా చెవులు మొత్తం కప్పే మందపాటి కవచాలు. దూది పెట్టుకుంటే చాలదు. రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్ మించరాదన్నది మన ఫ్యాక్టరీల పరిమితి. అంతకు తక్కువలో కూడా ఏళ్ల తరబడి వింటే చెవికి ముప్పేనని, 85 దగ్గరే జాగ్రత్తపడాలని నిపుణులు చెబుతారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పరీక్ష చేయండి. పని చేసే చోట బారెడు దూరంలో ఉన్న మనిషితో మాట్లాడటానికి నాన్న అరవవలసి వస్తోందా? అయితే ఆ రొద చెవికి చేటు చేసేటంత ఉన్నట్టే. బిరడాల జత ఖరీదు ఒక నోట్‌బుక్కు మించదు. మందుల షాపులో అడగండి. వార్షికోత్సవం రోజు బాక్సుల ముందు వరుసలో కూర్చునే చిన్న తరగతుల పిల్లలను కూడా నాలుగు బారలు వెనక్కి జరపండి. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

మైదానం ప్రయోగం చేసేవారికి ఒక లెక్క వదిలిపెడుతున్నాము. మనం లెక్కించింది 30 డిగ్రీల సాయంత్రానికి. అదే ప్రయోగాన్ని మే నెలలో మన గిద్దలూరు మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో చేస్తే ధ్వని వేగం 355 మీటర్లవుతుంది. అప్పుడు మొదటి నిశ్శబ్ద స్థానం మధ్య నుండి ఎంత దూరానికి జరుగుతుంది? సుద్దగీత మీద ఆ జరుగుదల చెవికి తెలిసేంత ఉంటుందా, లేక స్కేలుతో కొలిచినా దొరకదా? ముందు పలక మీద కట్టి, తర్వాత నేల మీద సరిచూడండి.